సిగ్నల్ ఫుల్‌గా ఉన్నా డ్రోన్ లింక్ ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: నేను తయారు చేసుకున్న డ్రోన్‌లో రిమోట్ రేడియోతో పాటు 4జీ మోడెమ్, సిమ్ కూడా పెట్టాను. వంద మీటర్ల ఎత్తులో సిగ్నల్ ఫుల్ చూపిస్తోంది, వీడియో మాత్రం ఆగి ఆగి వస్తోంది, ఒక్కోసారి లింకే తెగిపోతోంది. మోడెమ్ పాడైందా? అసలు విమానాలు కూడా రేడియో మానేసి మొబైల్ నెట్‌వర్క్ వాడుకోవచ్చు కదా?

జవాబు: మోడెమ్ బాగానే ఉండి ఉంటుంది, తొందరపడి మార్చకండి. ఆ గీతలు సిగ్నల్ ఎంత బలంగా ఉందో చెబుతాయి అంతే, అందులో ఎంత చెత్త కలిసిందో చెప్పవు. మోడెమ్ లాగ్ తెరిచి ఆర్‌ఎస్‌ఆర్‌పీ (సిగ్నల్ బలం), ఎస్‌ఐఎన్‌ఆర్ (సిగ్నల్ స్పష్టత) అనే రెండు అంకెలు పక్కపక్కన చూడండి. నేల మీద మైనస్ 95, ప్లస్ 15 ఉన్నవి పైకి వెళ్లేసరికి మైనస్ 80, మైనస్ 2 అయ్యాయనుకోండి, బలం పెరిగింది, స్పష్టత పోయింది. మీ సమస్య అదే.

టవర్ల మీది యాంటెన్నాలను కాస్త కిందికి వంచి బిగిస్తారు, ఫోన్లు ఉండేది నేల మీదే కాబట్టి. కింద ఉన్నప్పుడు ఇళ్లు, చెట్లు, గుట్టలు దూరపు టవర్లను అడ్డుకుంటాయి, అది మనకు మేలు చేసే అడ్డు. పైకి లేవగానే ఆ అడ్డు పోయి ఎక్కడెక్కడి టవర్లూ ఒకేసారి వినిపిస్తాయి, పైగా మీకు అందేది యాంటెన్నా అసలు కిరణం కాదు, పక్కల నుంచి పైకి చిందే పాయలు, వాటి మధ్య ఖాళీలుంటాయి, అందుకే కొంచెం జరిగితే చాలు మోడెమ్ ఇంకో టవర్‌కి మారుతుంది, మళ్లీ ఇంకోదానికి. మీరు పంపే వీడియో కూడా ఆ టవర్లన్నిటికీ తగిలి కిందివాళ్ల కాల్స్‌కి అడ్డొస్తుంది. అమెరికాలో 1991 నుంచి 800 మెగాహెర్ట్జ్ సెల్‌ఫోన్లను గాల్లో వాడకూడదన్న నిబంధన వచ్చింది కూడా ముఖ్యంగా కింది నెట్‌వర్క్ కోసమే. చాలామంది అది విమానం గురించి అనుకుంటారు.

డ్రోన్ నియంత్రణకి నిజానికి పెద్ద డేటా అక్కర్లేదు. మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ తన అధ్యయనంలో సెకనుకు 60 నుంచి 100 కిలోబిట్ల వేగం చాలని, 50 మిల్లీసెకన్ల ఆలస్యం ఉన్నా, వెయ్యి డేటా ప్యాకెట్లకు ఒకటి పోయినా ఫర్వాలేదని లెక్క వేసుకుంది, 2018 నాటి రిలీజ్ 15లో డ్రోన్ల కోసం కొన్ని మార్పులూ చేర్చింది. కాబట్టి వీడియో నాణ్యత తగ్గించండి, కమాండ్లను వేరే దారిలో పంపండి, వీలైతే వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు పెట్టండి. 4జీ మీద స్టిక్ పట్టుకుని నడపడం మాత్రం వద్దు, దయచేసి. వెళ్లాల్సిన పాయింట్లు ముందే ఇచ్చేసి ఎగరడం ఆటోపైలట్‌కి వదిలేయండి, లింక్ పోతే తనంతట తానే వెనక్కి వచ్చేలా సెట్ చేసి, దాన్ని తక్కువ ఎత్తులో, ఖాళీ స్థలంలో, మోడెమ్ ఆపేసి మీ కళ్లతో చూశాకే పైకి పంపండి. రేడియో రిమోట్ తీసేయకండి. కంటిచూపు దాటి ఎగరేయాలంటే చాలా దేశాల్లో విడిగా అనుమతి ఉండాలి, అది కూడా చూసుకోండి.

ఇక విమానాలు. పైలట్లు 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య వీహెచ్ఎఫ్ అనే రేడియో బ్యాండ్‌లో మాట్లాడతారు, ఒకే ఫ్రీక్వెన్సీలో ఉన్నవాళ్లందరికీ అందరి మాటా వినిపిస్తుంది, ఒక విమానానికి దిగమని చెప్పింది మిగతా పైలట్లకూ తెలుస్తుంది. ఫోన్ కాల్‌లో అది ఉండదు. సముద్రం మధ్యలో టవర్లూ ఉండవు. యూరప్‌లో ఆకాశం వైపు తిప్పిన యాంటెన్నాలతో 4జీ నెట్‌వర్క్ ఒకటి విడిగా కట్టారు, కానీ అది ప్రయాణికుల ఇంటర్నెట్ కోసం. పైలట్ లేని విమానాల నియంత్రణకైతే 2012లోనే 5030 నుంచి 5091 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను అంతర్జాతీయంగా కేటాయించారు.