మూతపడ్డ స్టూడియో నెగెటివ్‌లు: స్కానర్ కంటే ముందు బిల్లు పుస్తకాలు

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో మా మామయ్య నడిపిన స్టూడియో మూసేశాం. రెండు ట్రంకు పెట్టెల నిండా నెగెటివ్‌లు, బిల్లు పుస్తకాలు ఉన్నాయి. పోర్ట్రెయిట్లు, పెళ్లిళ్లు, పొగాకు గ్రేడింగ్ షెడ్లు, ప్రకాశం బ్యారేజీ పనులు. ఏ స్కానర్ కొనాలి? బూజు పట్టినవి కడగొచ్చా? ఫేస్‌బుక్‌లో పెట్టొచ్చా?

జవాబు:

స్కానర్ ఎక్కడికీ పోదండి. ముందు ఆ బిల్లు పుస్తకాలు పాత పేపర్ల కొట్టుకు వెళ్లకుండా చూడండి. మామూలుగా నెగెటివ్ కవరు మీద ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు బిల్లులో ఉంటుంది, పక్కనే పేరు, ఊరు, తేదీ, సైజు. ఆ లంకె తెగిపోతే ఎంత ఖరీదైన మెషిన్‌తో స్కాన్ చేసినా మీకు మిగిలేది ఎవరివో తెలియని మొహాలు. అందుకని ఒక్క నెగెటివ్ కూడా బయటికి తీయకముందే, పెట్టెలో ఉన్న వరసలోనే ప్రతి కవరునూ ఫోన్‌తో ఫోటో తీయండి. ఫైలు పేరులో బిల్లు నంబరు, ఫ్రేము నంబరు చాలు. పేర్లూ ఊర్లూ ఎక్సెల్ షీట్‌లో తెలుగులోనే రాసుకోండి.

పెట్టె తెరవగానే పుల్లటి వెనిగర్ వాసన కొడితే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ చెడిపోతోందని అర్థం. ఆ ఆవిరి పక్కవాటినీ పాడుచేస్తుంది. వాసన వచ్చేవి, వంకర్లు తిరిగినవి వేరే గదిలో పెట్టి ముందు వాటినే స్కాన్ చేయండి. 1950కి ముందు షీట్ ఫిల్మ్ (రోలు కాకుండా విడి ముక్కలుగా వచ్చేది) ఉండి, అంచున సేఫ్టీ అనే ఇంగ్లీషు మాట కనబడకపోతే అది నైట్రేట్ అనే పాత రకం ఫిల్మ్ కావచ్చు. చాలా తేలిగ్గా అంటుకుంటుంది. చూద్దామని అగ్గిపుల్ల గీయకండి, ఇంట్లో ఉంచకండి.

బూజు పట్టినవి కడగొద్దు. బొమ్మను పట్టి ఉంచే జెలటిన్ పొరను బూజు తిన్నచోట నీళ్లు తగిలితే బొమ్మతో సహా కరిగి కారిపోతుంది. ఏసీ గదిలో సిలికాజెల్ పక్కన ఆరనిచ్చి, మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి బ్రష్‌తో దులపండి. మెరిసే వైపు మాత్రం 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదితో పైపైన తుడవచ్చు. బొమ్మ పొర ఉండే మసక వైపు చెయ్యి పెట్టకండి. పోర్ట్రెయిట్ నెగెటివ్‌ను కిటికీ వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూడండి: కళ్ల కింద, బుగ్గల గుంటల్లో, మొటిమల మచ్చల మీద సన్నటి పెన్సిల్ గీతలు మెరుస్తాయి. కొన్నింట్లో మనిషి చుట్టూ ఎర్రరంగు పూసి ఉంటుంది, ప్రింటులో వెనక భాగం తెల్లగా రావడానికి. అదంతా టచింగ్ పని. మురికి అనుకుని తుడిస్తే మీ మామయ్య చేతిపని పోతుంది. ఒకదానికొకటి అతుక్కున్నవాటిని లాగకండి, అలాగే పక్కన పెట్టండి.

కొత్త కవర్లు పాలీప్రొపిలీన్‌వో యాసిడ్ లేని కాగితంవో కొనండి. పీవీసీ వద్దు. బటర్ పేపరు మన ఉక్కపోతకి చెమ్మ పీల్చి ఫిల్మ్‌కి అంటుకుంటుంది. అటక మీద మాత్రం పెట్టకండి, మే నెల వేడికి పెట్టె పెనంలా కాలుతుంది. లోపలి గదిలో, బయటి గోడకు ఆనని బీరువా నయం. ఫ్రిజ్‌లో పెడితే రెండు జిప్ కవర్లలో పెట్టండి. తీశాక గది వేడికి వచ్చేదాకా విప్పకండి, లేదంటే లోపల నీరు పడుతుంది.

ఇక స్కానర్. ఆఫీసు జిరాక్స్ మెషిన్ పనికిరాదు, మూతలో లైటున్న ఫ్లాట్‌బెడ్ కావాలి. 120 రోల్ 6×6 సెంటీమీటర్ల ఫ్రేముకి 2400 డీపీఐ (అంగుళానికి చుక్కలు) పెట్టండి. ఒక వైపు సుమారు 5,300 పిక్సెల్స్ వస్తుంది, 16 బిట్ గ్రే టిఫ్ ఫైలు 56 ఎంబీ దాకా ఉంటుంది. ఆపైన పెంచితే ఫైలు బరువే పెరుగుతుంది. 35 ఎంఎంకి లైట్ ప్యానెల్ మీద పెట్టి, మాక్రో లెన్సున్న కెమెరాతో, ఎఫ్ 8 అపర్చర్‌లో, రా ఫైలుగా తీయడం మేలు. బ్లాక్ అండ్ వైట్‌కి డిజిటల్ ఐస్ (ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము పట్టి చెరిపే స్కానర్ సౌకర్యం) ఆపేయండి. ఫిల్మ్‌లోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను ఆపుతుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది. మెరిసే వైపు అద్దానికి ఆనితే రంగుల వలయాలు వస్తాయి.

బిల్లు దొరకనివాటికి ఫిల్మ్ అంచు చూడండి. ఓర్వో (తూర్పు జర్మనీ ఫిల్మ్) అని ఉంటే 1964 తర్వాతది. ఇందు అని ఉంటే ఊటీ ఫ్యాక్టరీ సరుకు, అక్కడ ఉత్పత్తి 1967లో మొదలైంది. ఫోటోలో లారీ నంబరు ప్లేటు మీద ఏపీ 7 (గుంటూరు) గానీ ఏపీ 16 (కృష్ణా) గానీ ఉంటే 1989 మధ్య నుంచి ఇటువైపుది. పైన రోడ్డు లేకుండా బ్యారేజీ స్తంభాలు లేస్తుంటే 1954-57. పెళ్లి రోల్స్ కలిసిపోతే అంచు నంబర్లతో పాటు జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, అప్పగింతలు అనే వరస చూసుకుంటే విడదీయొచ్చు. షెడ్ల ఫోటోల్ని మాత్రం అక్కడ పనిచేసిన పెద్దవాళ్లకి ప్రింటు చేసి చూపించండి, ఫోన్ తెరమీద వాళ్లకి మొహాలు ఆనవు.

ఫేస్‌బుక్ విషయం జాగ్రత్త. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాళ్లే మొదటి హక్కుదారులు. పెళ్లివైతే ఆ కుటుంబం, ఫ్యాక్టరీవైతే ఆ కంపెనీ. మామయ్య తన సరదాకి తీసుకున్న బ్యారేజీ బొమ్మలకి ఆ ఇబ్బంది లేదు, వాటితో మొదలుపెట్టండి. పెళ్లిచూపుల కోసం తీయించుకున్న ఆడపిల్లల ఫోటోలు మాత్రం ఆ ఇంటివాళ్లు ఒప్పుకునేదాకా బయటపెట్టొద్దు.