చింతగింజల పొడితో ఫ్యాక్టరీ నీళ్లలోని క్రోమియం తీసేయొచ్చా?

చాలావరకు తీసేయొచ్చు. తీశాక ఆ పొడిని ఎక్కడ పడేస్తారో మాత్రం ఎవరూ అడగరు.

బాలానగర్‌లో ఒక చిన్న క్రోమ్ ప్లేటింగ్ షాపులో మురుగునీటి శుద్ధి పని నాది. ఓసారి ఒక ఎంటెక్ కుర్రాడు ప్రాజెక్టు కోసమని డబ్బాడు చింతగింజల పొడి పట్టుకొచ్చాడు. కాలేజీ ల్యాబ్‌లో పొటాషియం డైక్రోమేట్ అనే క్రోమియం ఉప్పు కలిపిన నీళ్ల మీద క్రోమియం తొలగింపు 90 శాతం దాటిందట. ప్లేటింగయ్యాక సామాన్లు కడిగే మా రిన్స్ ట్యాంకులోంచి క్రోమియం ఉన్న పసుపు నీళ్లు ఒక బకెట్ ఇచ్చాం. యాసిడ్ పోసి పీహెచ్ 2కి దించి, పొడి వేసి తిప్పుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నానికి పసుపు పోయి టీ డికాక్షన్ రంగొచ్చింది! గింజ పైపొట్టులో ఉన్న టానిన్లు (వగరు, రంగు ఇచ్చే పదార్థాలు) నీళ్లలోకి దిగిపోయాయి. వడగట్టి, విషపు క్రోమియం ఉంటే ఊదా రంగు చూపించే డైఫినైల్ కార్బజైడ్ వేస్తే ఇంకా ఊదా రంగు తేలింది. అంటే తగ్గింది గానీ పోలేదు. మా హెల్పర్ అడిగాడు: "సార్, ఈ పిప్పి ఎండబెట్టి పొయ్యిలో వేసుకోవచ్చా?"

అసలు ప్రశ్న అదీ. వేయకూడదు. పొడి పట్టుకున్న క్రోమియంలో కొంత, ప్రమాదం తక్కువైన మూడో రకంగా, అంటే క్రోమియం(III)గా మారి ఉంటుంది. కాలిస్తే బూడిదలో అది మళ్లీ విషపు ఆరో రకం, అంటే క్రోమియం(VI) కావచ్చు. చట్టప్రకారం దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల డంపుకు పంపాల్సిందే, దానికి డబ్బు కట్టాల్సిందే. ఇక "చవక" ఎక్కడుంది?

పరిశోధన పేపర్లు రాసేవాళ్లు ఈ లెక్క వేయరు. ఏటా ఒక కొత్త పొట్టు, ఒక కొత్త ఆకు, అవే గ్రాఫులు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్రోమియం ఉంటే వెయ్యి లీటర్లలో 50 గ్రాములు. గ్రాము పొడి 10 మిల్లీగ్రాములు పట్టినా 5 కిలోలు కావాలి. ఒక్క ట్యాంకుకే!

పైగా ఎలాగూ యాసిడ్ పోశారు కదా, అక్కడే సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే ఆరో రకం మూడో రకమవుతుంది. తర్వాత సున్నంతో పీహెచ్ 8 దాటిస్తే అడుగుకు దిగుతుంది. బయటికి వదిలే నీళ్లలో ఆరో రకం లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించకూడదు. చివర్లో మిగిలే ఆ కాస్త కోసమైతే కొబ్బరిచిప్ప బొగ్గు వాడండి, నాకు అభ్యంతరం లేదు.

సీసం, రాగి సంగతి వేరు. అవి పీహెచ్ 5 దగ్గరే ఇలాంటి పొడికి అంటుకుంటాయి, అంత యాసిడ్ అక్కర్లేదు. ప్రాజెక్టు చేయాలంటే వాటి మీద చేయండి. గింజల పైపొట్టు మాత్రం ముందే తీసేయండి, లేదంటే రంగు దిగడం ఆగేదాకా ఉడకబెట్టి కడగండి.