‘25 శాతం తగ్గింది’, ‘1 శాతం తగ్గింది’: ఏది ఒప్పు?

సందేహం: ప్రభుత్వ నిధులతో మందుల కొనుగోలుపై వచ్చిన ఒక వ్యాసంలో, కొత్త మందు వల్ల గుండెపోటు ముప్పు ‘25 శాతం తగ్గింది’ అని ఒకచోట, ‘1 శాతం తగ్గింది’ అని మరోచోట రాశారు. ఏది ఒప్పు? ‘25 శాతానికి తగ్గింది’ అనాలా?

సమాధానం: ‘శాతానికి’ అనడం మాత్రం తప్పు. అక్కడ ‘కి’ చేరిందంటే తగ్గగా మిగిలింది 25 అని అర్థం. మిగతా రెండు వాక్యాలూ నిజమే కావచ్చు. దేనిలో శాతమో చెప్పకపోవడమే చిక్కు.

మందు లేకపోతే ఐదేళ్లలో వెయ్యిమందిలో 40 మందికి గుండెపోటు వస్తుందనుకుందాం. మందు వాడితే 30 మందికే వస్తుంది. తప్పించుకున్నవారు పదిమంది. నలభైలో పది 25 శాతం, వెయ్యిలో పది 1 శాతం. అంటే ఒక్కరిని కాపాడటానికి వందమందికి ఐదేళ్లపాటు మందు ఇవ్వాలి. అదే మందును ముప్పు తక్కువున్నవారికి ఇస్తే, వెయ్యిమందిలో నలుగురికి రావలసింది ముగ్గురికి వస్తుంది. ఇదీ ‘25 శాతం’ తగ్గుదలే! కానీ ఇక్కడ ఒక్కరి కోసం వెయ్యిమందికి మందు కొనాలి, ఖర్చు పదింతలు. నిధులు పంచేవారు తప్పక చూడవలసిన ఈ తేడా ‘25 శాతం’ అన్న మాటలో కనబడదు.

అందుకే ‘నలభైలో పది’ లాంటి లెక్కకు ‘వంతు’, ‘వెయ్యిలో పది’ లాంటిదానికి ‘నూటికి’, ‘వెయ్యికి’ వాడటం మేలు: ‘ముప్పు నాలుగో వంతు తగ్గింది, ఐదేళ్లలో నూటికి నలుగురికి రావలసింది ముగ్గురికే వచ్చింది.’ ఇందులో ‘ఐదేళ్లలో’ తీసేయకండి. ఎన్నాళ్ల ఫలితమో తెలియకుండా ఖర్చు లెక్కకట్టలేం. ‘నాలుగో వంతుకు తగ్గింది’ అన్నా తప్పే, అప్పుడు నలభై కాస్తా పదవుతుంది. ఇక ‘నాలుగు రెట్లు తగ్గింది’ అసలు రాయకూడదు. రెట్లు పెరుగుదలకే.

ఇలాంటి వ్యాసాల్లో ‘మెరుగైన మందు’ అన్న మాటా తరచూ కనిపిస్తుంది. దేనికంటే మెరుగు? మందు లేని ఉత్తుత్తి మాత్రకంటేనా, ఇప్పుడు వాడుతున్న మందుకంటేనా? ‘కంటే’ లేని పోలిక బడ్జెట్‌కు పనికిరాదు. విలువ తూచేటప్పుడు చూసేది ఇప్పటి చికిత్సకంటే అదనంగా ఎంత ఖర్చు, అదనంగా ఎంత ఆరోగ్యం అన్నదే. బ్రిటన్‌లో ఏ మందు ఖర్చుకు తగినదో తేల్చే నైస్ సంస్థ చాలాకాలం పాటించిన 20,000–30,000 పౌండ్ల హద్దు, పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాదికి సమానమైన అదనపు మేలుకు పెట్టే అదనపు ఖర్చుకు సంబంధించినది. ‘అదనంగా’ అన్న మాట జారిపోతే, పాత మందు ఇప్పటికే చేస్తున్న మేలంతా కొత్తదాని ఖాతాలో పడుతుంది.