ఒక డజను గాజుల బరువు

మద్దిలపాలెం,
విశాఖపట్నం.

బుజ్జీ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మ చూశాను. లంగా ఓణీ, మోకాళ్ల దాకా జడ, జడ నిండా మల్లెపూలు, రెండు చేతుల నిండా గాజులు. బాగుందే! ఆ ముక్కు మాత్రం అచ్చం మీ అమ్మది. వీఆర్‌చాట్‌లో, అంటే హెడ్‌సెట్ పెట్టుకుని అందరూ బొమ్మల రూపంలో కలుసుకునే ఆ లోకంలో, ఆ రూపంతోనే తిరగాలని ఉందనీ, త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ తెరిచి మూడు రోజులైనా ఇంకా కళ్ల దగ్గరే ఉన్నాననీ రాశావు. అందులో వింతేం లేదు. రుషికొండ మీద ఆఫీసులో పదహారేళ్లు ఎవరెవరి గేములకో బొమ్మలు చేసి కళ్లజోడు తెచ్చుకున్న నేను కూడా, నా మొదటి బొమ్మకి కనుబొమలు దిద్దుతూనే నెల గడిపేశాను. దానికి కాళ్లు ఎప్పటికీ రాలేదు.

ఫోన్లో చెప్తే సగం విని "సరే మావయ్యా" అనేస్తావని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి బుర్రకెక్కించుకో. మేం గేముల కోసం చేసేది చూసే బొమ్మ. నువ్వు చేసుకునేది తొడుక్కునే బొమ్మ, దాన్నే అవతార్ అంటారు. లోపల నువ్వుంటావు. వంగితే అది వంగాలి, చెయ్యెత్తి పిలిస్తే అదీ ఎత్తాలి. పైగా నీ మొహం నీకు కనిపించేది అద్దం ముందు నిలబడినప్పుడే. మిగతా సేపంతా నీ కంటికి ఆనేవి నీ అరచేతులు, తల దించితే నీ లంగా అంచు. కాబట్టి కళ్లకి మూడు రోజులు పెట్టినదానివి చేతులకి వారం పెట్టు. అయిదు వేళ్లూ విడివిడిగా, ప్రతి కణుపు దగ్గరా సరిగ్గా ముడుచుకునేలా చెయ్యి.

తర్వాత కొలతలు. బ్లెండర్‌లో చేసిన బొమ్మని వీఆర్‌చాట్‌కి పంపేది యూనిటీ అనే ఇంకో ప్రోగ్రాంలోంచి. బ్లెండర్‌లో మీటరంటే యూనిటీలోనూ మీటరే. నీది అయిదడుగుల రెండంగుళాలు కదా, బొమ్మని 1.57 మీటర్లకి పెట్టి, కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చెయ్యి. అది మర్చిపోతే యూనిటీలోకి వెళ్లాక చీమంతైనా అవుతుంది, కైలాసగిరంతైనా అవుతుంది. ఎత్తు కంటే ముఖ్యం బార. బొమ్మ చేతులు నీ చేతుల కన్నా పొట్టిగా ఉంటే నువ్వు గ్లాసు అందుకోబోయినప్పుడల్లా నీ చెయ్యి దాన్ని దాటిపోతుంది, బొమ్మ చెయ్యి ఇవతలే ఆగిపోతుంది. యూనిటీలో వ్యూ పొజిషన్ అని ఒక చిన్న గోళీ కనిపిస్తుంది, నువ్వు లోకాన్ని చూసే చోటు అదే. రెండు కళ్ల నడిమిన, పిసరంత ముందుకి పెట్టు. నేను మొదటిసారి దాన్ని మెడలో వదిలేసి, ఒక సాయంత్రమంతా లోకాన్ని నా గడ్డం కింద నుంచి చూశాను.

బొమ్మని కదిలించే ఎముకలు వేసేటప్పుడు మోచేతులూ మోకాళ్లూ కర్రల్లా తిన్నగా పెట్టకు. మోచెయ్యి ఒక వెంట్రుకవాసి వెనక్కి, మోకాలు ముందుకి వంగి ఉండాలి. మీ అన్నయ్య ఇచ్చిన ఆ క్వెస్ట్ 2 హెడ్‌సెట్‌కి తెలిసేది నీ తల ఎక్కడుంది, రెండు చేతులెక్కడున్నాయి అన్నంతవరకే. మోచెయ్యి ఎటు మడవాలో అది ఊహించుకుంటుంది. ఆ కాస్త వంపు లేకపోతే తప్పుగా ఊహిస్తుంది, నీ చెయ్యి విరిగినట్టు వెనక్కి తిరుగుతుంది.

ఇక అసలు తలనొప్పి చంక. నవ్వకు. నేను నా కోసం ఒక అవతార్ చేసుకున్నప్పుడు చెయ్యి పైకెత్తితే చాలు, చంక దగ్గర ఒళ్లంతా నమిలి ఉమ్మేసిన చెరుకుపిప్పిలా నలిగిపోయేది. నాలుగు రాత్రులు వెయిట్ పెయింటింగ్‌తో, అంటే ఏ ఎముక ఒంట్లో ఏ భాగాన్ని ఎంత లాగాలో చెప్పే పనితో, కుస్తీ పట్టాను. అయిదో రాత్రి మీ అత్తయ్య టీ ఇవ్వడానికొచ్చి స్క్రీను వైపు చూసి, "చంకలో పట్టేస్తోంది, గుడ్డ చాల్లేదు" అంది. వీధిలో సగం మందికి జాకెట్లు కుట్టే మనిషి కదా. కుడుతున్న జాకెట్టొకటి లోపలి వైపు తిరగేసి తెచ్చి, నా టేబులు మీదే పరిచి చూపించింది. చంక గుండ్రం ముందు వైపు లోతుగా, వెనక వైపు తక్కువ లోతుగా కత్తిరించి ఉంది. రెండూ ఒకేలా కోస్తే చెయ్యి ఎత్తగానే వీపు లాగేస్తుందట. ఆ కుట్టు చుట్టూ వదులు ఎంత ఉంచిందో వేలు పెట్టి చూపించింది. బొమ్మ ఒళ్లు వంగేది దాని మీదున్న గీతల దగ్గరే, నా బొమ్మలో ఆ చోట ఉన్నది ఒక్క వరస గీత! రెండు వరసలు పెంచి, ఆ చోటి బరువుని పై చెయ్యి, భుజం, ఛాతీ ఎముకలు మూడింటికీ పంచాను. గంటలో తేలిపోయింది. పదహారేళ్లలో నాకెందుకు తెలియలేదంటావా? మేం చేసినవన్నీ సైనికుల బొమ్మలు. కవచాల కింద చంకలు ఎవరికి కనిపిస్తాయి?

మోచేతికీ మోకాలికీ కనీసం మూడేసి వరసలు ఉంచు. ఎముకలు కలిపాక రంగులన్నీ తీసేసి ఒట్టి బూడిదరంగులో బొమ్మని అన్ని వైపులా తిప్పి చూడు. మా ఆఫీసులో దీన్ని నిజరూప దర్శనం అనేవాళ్లం. సింహాద్రి అప్పన్నని ఏడాదంతా చందనం పూతలోనే చూస్తాం కదా, నిజరూపం అక్షయ తృతీయ నాడొక్కరోజే. నువ్వు మాత్రం రోజుకోసారి చూడాలి. టెక్స్చర్, అంటే పైన వేసే రంగులు, వేసేశాక తప్పులు దాక్కుంటాయి.

ఇప్పుడు గాజుల విషయం. నువ్వు చేతికి డజను గీశావు. బ్లెండర్‌లో టోరస్, అదే గారె ఆకారం, తీసుకుని పెడదామనుకుంటున్నావని నాకు తెలుసు. ఆ టోరస్‌ని దాని మామూలు కొలతలతో పెడితే చుట్టూ 48, అడ్డంగా 12 భాగాలుంటాయి. అంటే 576 చతురస్రాలు, 1,152 త్రికోణాలు. ఒక చేతి డజనుకే 13,824. వీఆర్‌చాట్ అవతార్ల బరువుని బట్టి ర్యాంకులిస్తుంది. నీ హెడ్‌సెట్‌లాంటి మొబైల్ వాటిల్లో మీడియం ర్యాంకుకి హద్దు ఎంతో తెలుసా? మొత్తం బొమ్మకి 15,000. రెండో చేతికి గాజులు తొడిగేసరికే 20,000 దాటి వెరీ పూర్‌లో పడతావు, ఇంకా మనిషే లేదు! మామూలు సెట్టింగుల్లో క్వెస్ట్ మీడియం కంటే కింది ర్యాంకు అవతార్లని చూపించదు. నువ్వు ముచ్చటపడి చేసుకున్న లంగా ఓణీ అవతలి వాళ్లకి కనిపించదు, ఏదో బదులు బొమ్మ కనిపిస్తుంది. పీసీలో 70,000 దాకా ఇస్తారు గానీ దాన్ని చూసి ఆశపడకు. నీ స్నేహితులు సగం మంది క్వెస్ట్‌లోనే ఉన్నారన్నావు.

కాబట్టి గాజులన్నిటికీ కలిపి ముంజేతి చుట్టూ ఒకే గొట్టం పెట్టు. చుట్టూ 16 పలకలు చాలు, 32 త్రికోణాలతో పోతుంది. గాజులు దాని మీద రంగుతో గియ్యి, మధ్యమధ్య మెరుపు గీత వెయ్యి. నిజం గాజుల్లా శబ్దం రాదు, అంతే తేడా. లంగా అంచు జరీ కూడా అలాగే, గీసేదే గానీ చెక్కేది కాదు. మల్లెదండ ఎగుడుదిగుడుగా ఉన్న ఒక తాడులా చేసి, పువ్వుల్ని దాని మీద పెయింట్ చెయ్యి. అన్నీ కలిపి ఒక్క 1024 పిక్సెళ్ల టెక్స్చర్‌లో సర్దు. మెటీరియల్ (ఒంటి మీద పూత) ఒకటే ఉంచు, తప్పదంటే రెండు. మొబైల్ కోసం పంపే అవతార్ 10 ఎంబీ దాటితే అసలు తీసుకోరు.

లంగా కింద కాళ్లు ఎవరూ చూడరు. మడమల పైనుంచి నడుము దాకా ఉన్న మెష్, అదే బొమ్మ ఒళ్లు, అంతా డిలీట్ చేసెయ్. త్రికోణాలు మిగులుతాయి, నడిచేటప్పుడు మోకాలు లంగాని చీల్చుకుని బయటికి రాదు. ఎముకలు మాత్రం తీసెయ్యకు. అవి లేకపోతే యూనిటీ దాన్ని మనిషిగా ఒప్పుకోదు.

ఓణీ దగ్గర రెండు చిక్కులున్నాయి. కంప్యూటరు మామూలుగా ఒక తలానికి ఒక వైపే చూపిస్తుంది, వెనక నుంచి చూస్తే ఏమీ ఉండదు. భుజం మీంచి వేలాడే ఓణీ చెంగు వెనక వైపు గాలిలో కలిసిపోయి, బీచ్ రోడ్డులో గాలికి ఎగిరిపోయిన చెంగులా ఉంటుంది నీ పరిస్థితి. చెంగు వరకు ఇంకో కాపీ తీసి, నార్మల్స్ (తలం ఎటు చూస్తోందో చెప్పేవి) తిరగేసి లోపలి వైపు అతికించు. బ్లెండర్‌లో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేస్తే లోపలి వైపు ఎరుపు కనిపిస్తుంది. ఎక్కడా ఎరుపు కంటపడకూడదు. రెండో చిక్కు, నువ్వు గీసిన పల్చటి ఓణీ. క్వెస్ట్‌లో అవతార్ బట్టకి పారదర్శకత దొరకదు. అక్కడ వాడనిచ్చే షేడర్లు, అంటే బట్ట ఎలా కనిపించాలో చెప్పేవి, కొన్నే, వాటితో పల్చటి గుడ్డ రాదు. కాటన్ ఓణీ వేసుకో. నీకు అదే బాగుంటుంది.

జడ ఊగడానికి ఫిజ్‌బోన్స్ ఉన్నాయి. 2022లో వచ్చాయి, అంతకు ముందు దీని కోసం వేరే డబ్బులు పెట్టి ఒక ప్లగిన్ కొనుక్కోవాల్సొచ్చేది. మొబైల్లో మొత్తం మీద 8 ఫిజ్‌బోన్ కాంపోనెంట్ల కంటే ఎక్కువ పెట్టనివ్వరు. నీకు జడకి ఒకటి, చెంగుకి ఒకటి చాలు. జడకి ఏడెనిమిది ఎముకల గొలుసు వేసి, మెడ దగ్గర బిగువుగా, కుచ్చుల దగ్గర వదులుగా పెట్టు. ప్రతి పోగూ ఊగాలనుకుంటే అది జడలా ఉండదు, చేపల వల ఆరేసినట్టుంటుంది.

నువ్వు మాట్లాడితే బొమ్మ నోరు కదలడానికి 15 ఆకారాలు కావాలి. వాటి ఇంగ్లీషు పేర్లు చూసి కంగారుపడకు, నీకు రెండో తరగతిలోనే వచ్చినవే అవి. "పీపీ" అనేది మన ఓష్ఠ్యాలు: ప, బ, మ అన్నప్పుడు పెదాలు పూర్తిగా మూసుకోవాలి. "కేకే" కంఠ్యం, అందులో పెదాలు కదలవు. అద్దం ముందు కూర్చుని గుణింతం చదువుతూ నీ మూతినే చూసుకో. "అ", "ఓ", "చ" మూడు బాగా కుదిరితే మిగతావి వాటిని పాళ్లు కలిపి పుట్టించొచ్చు. అందుకు పనికొచ్చే ఉచిత బ్లెండర్ ప్లగిన్లు ఉన్నాయి. పెదాల చుట్టూ వరసలు మాత్రం గుండ్రంగా, నీళ్లలో రాయేస్తే వచ్చే అలల్లా ఉండాలి.

చేతి సైగలు, మెనూలు, బట్టలు మార్చుకోవడం, ఇవన్నీ తర్వాత. ముందు నిలబడి మాట్లాడే బొమ్మ రానీ.

యూనిటీలో కొత్త వెర్షన్ దిగింది కదా అని దాన్ని ఎక్కించకు. వీఆర్‌చాట్ వాళ్ల క్రియేటర్ కంపానియన్ ఇన్‌స్టాల్ చేసుకుంటే ఏ వెర్షన్ కావాలో అదే చెప్తుంది, ఎస్‌డీకేని, అంటే యూనిటీలోంచి అవతార్ పంపే సరంజామాని, కూడా అదే సర్దుతుంది. యూనిటీ ఎక్కించేటప్పుడే ఆండ్రాయిడ్ బిల్డ్ సపోర్ట్ టిక్ పెట్టు, లేకపోతే క్వెస్ట్‌కి పంపలేవు. విండోస్‌కి ఒకసారి, ఆండ్రాయిడ్‌కి ఒకసారి, రెండూ ఒకే బ్లూప్రింట్ ఐడీతో (అవతార్ గుర్తింపు నంబరు) అప్‌లోడ్ చెయ్యాలి. ఐడీ మారితే రెండు వేరే వేరే అవతార్లైపోతాయి. ఇంకోటి, హెడ్‌సెట్ ఖాతాతో నేరుగా లోపలికెళ్తున్నావేమో చూసుకో. అప్‌లోడ్‌కి వీఆర్‌చాట్ సొంత ఖాతా ఉండాలి, అందులోనూ విజిటర్ దశ దాటి న్యూ యూజర్ అవ్వాలి. అది రావాలంటే కొన్నాళ్లు అక్కడ తిరగాలి, నలుగురితో మాట్లాడాలి. బొమ్మ అయ్యేదాకా ఆగకుండా ఈ రోజు నుంచే ఏదో ఒక రెడీమేడ్ అవతార్ వేసుకుని వెళ్తూ ఉండు.

అప్‌లోడ్‌లో ప్రైవేట్ అనే ఉంచు. పబ్లిక్ చేస్తే ఎవడైనా నీ రూపం వేసుకుని తిరుగుతాడు. మొహానికి నీ ఫోటో అతికించకు, గీసిన మొహమే ఉండనీ. మీ నాన్నగారికి ఈ మాట చెప్పి ఒప్పించే బాధ్యత నాది, మిగతాది నీది. ఏ గేములోంచో పీకిన బొమ్మని ఎవరైనా "ఫ్రీగా తీసుకో" అంటే తీసుకోకు. కొన్నదైనా సరే లైసెన్సు చదివి, మార్చుకోవచ్చని ఉంటేనే ముట్టుకో. ఇంకొకడి నెలల కష్టం అది.

రోజూ పని ఆపే ముందు ఫైలుని కొత్త నంబరుతో సేవ్ చేసి, ఒక కాపీ ఇంటి బయట, అంటే గూగుల్ డ్రైవ్‌లో పెట్టు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మా గది కిటికీ అద్దం పగిలి వాన మొత్తం నా సీపీయూ మీదే కురిసింది. బ్యాకప్ ఉంది, కానీ ఆ హార్డ్‌డిస్క్ కూడా అదే టేబులు మీద, సీపీయూ పక్కనే ఉంది. కరెంటు వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకుంటూ రెండిటినీ ఫ్యాను కింద ఆరబెట్టుకున్నాం, ఏదీ మళ్లీ లేవలేదు.

ఈ పదిహేను రోజుల్లో ఎంత వికారంగా ఉన్నా సరే ఒక్కటి అప్‌లోడ్ చేసి, తొడుక్కుని, అద్దం ముందు కూర్చుని లేచి చూడు. తొడుక్కోకుండా స్క్రీను మీద నెలలు దిద్దినా ఎక్కడ పడుతోందో తెలియదు. చంక సంగతి కూడా అప్పుడే తెలుస్తుంది.

ఆదివారం గాజువాక నుంచి పొద్దున్నే బయల్దేరు. బ్లెండర్ ఫైలు పెన్‌డ్రైవులో తెచ్చుకో, లాప్‌టాప్ చార్జరు మర్చిపోకు. నీ బార కొలవడానికి అత్తయ్య టేపు తీసి పెట్టింది. ఎలాగూ వస్తున్నావు కదా, జాకెట్టు కొలతలు కూడా తీసుకుంటానంటోంది.

మీ మావయ్య