అందరూ 5కి 5 వేస్తే ఏం తెలుస్తుంది?

ప్రశ్న: నేను ఎంబీఏ హెచ్‌ఆర్ చివరి సెమిస్టర్ చదువుతూ, ఒక కంపెనీ ట్రైనింగ్ విభాగంలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ప్రతి శిక్షణ తర్వాత ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచడం, లెక్కలు కట్టడం నా పని. దాదాపు అందరూ 5కి 5 వేస్తున్నారు. ‘ఇందులో మనకు పనికొచ్చేది ఏముంది?’ అని మేనేజర్ అడిగితే నోట మాట రాలేదు. ఈ రంగంలోనే స్థిరపడాలని ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ మేనేజర్ సరైన ప్రశ్నే వేశారు. ముందు ఆ ఫారం ఎప్పుడు చేతికిస్తున్నారో గమనించండి. ఆఖరి స్లైడ్ అయిపోయింది, జనం బ్యాగులు భుజాన వేసుకుని తలుపు వైపు చూస్తున్నారు. ట్రైనర్ ఎదురుగానే నిలబడి ఉన్నారు. ఫారం పైన పేరు రాయమని ఒక గడి. ఇక 2 వేసే ధైర్యం ఎవరికుంటుంది? అవి మొహమాటానికి పడిన మార్కులు. పేరు గడి తీసేయండి, చివరి పది నిమిషాలు ఫారం కోసమే కేటాయించమనండి.

శిక్షణ ఎంతవరకు పనిచేసిందో అంచనా వేసే కిర్క్‌పాట్రిక్ నాలుగు మెట్ల పద్ధతి మీరు చదివే ఉంటారు. 1959 నాటిదైనా ఇప్పటికీ వాడుకలో ఉంది. నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో వాడుతున్నారా, సంస్థకు ఫలితం కనిపించిందా అన్నవే ఆ మెట్లు. మీ ఫారం మొదటి మెట్టు దగ్గరే కూర్చుండిపోయింది.

ప్రశ్నలు కూడా మార్చాలి. ‘శిక్షణ ఉపయోగకరంగా, ఆసక్తికరంగా ఉందా?’ అన్నది ఒకటి కాదు, రెండు ప్రశ్నలు. పనికొచ్చింది కానీ నిద్రొచ్చింది అనుకునేవారు ఏ అంకె వేయాలి? ‘ఏం బాగోలేదు?’ అని అడిగితే ‘ఏమీ లేదు’ అని రాసి లేచిపోతారు. ‘ఒక భాగం తీసేయాల్సి వస్తే ఏది తీసేస్తారు?’ అని అడగండి. ఇది ఫిర్యాదులా ఉండదు కాబట్టి పెన్ను కదులుతుంది. ‘వచ్చే వారం దీన్ని ఏ పనిలో వాడతారు?’ అన్నది ఇంకొకటి. ఎక్సెల్ క్లాసే అనుకోండి. ‘మా సిస్టమ్‌లో పాత వెర్షన్ ఉంది, మీరు చూపించిన బటన్ అందులో లేదు’ అని ఒక్కరు రాసినా చాలు, నలభై 5ల కంటే అదే విలువైనది.

అసలు సంగతి బయటపడేది నెల, నెలన్నర తర్వాతే. అప్పుడు అయిదారుగురికి ఫోన్ చేయండి. నేర్చుకున్నది వాడనివారిని మాత్రం వదలొద్దు. ‘మా సార్ పాత పద్ధతిలోనే చేయమన్నారు’ అంటారు ఒకరు, ‘లాగిన్ ఇంకా ఇవ్వలేదు’ అంటారు మరొకరు. అది ట్రైనర్ తప్పు కాదు కదా! వీటిని రిపోర్టులో విడిగా చూపించండి.

ఇక ఉద్యోగం సంగతి. నా దృష్టిలో ఇంటర్వ్యూలో మరో సర్టిఫికెట్ కంటే ఒక్క కాగితం బాగా పనిచేస్తుంది. పాత ఫారం ఎలా ఉండేది, మీరు ఏం మార్చారు, దానివల్ల తర్వాతి బ్యాచ్‌కి ఏం మారింది అన్నది అందులో రాసుకోండి. కంపెనీ వివరాలు, మనుషుల పేర్లు అందులో రానివ్వకండి.