నిర్వాణం, నిర్యాణం, పరినిర్వాణం

సందేహం: 'బుద్ధుడు తన 80వ ఏట కుశీనగరంలో నిర్వాణం చెందాడు' అని ఒక వ్యాసంలో రాశాను. ఒక పెద్దాయన 'నిర్వాణం' కొట్టివేసి 'నిర్యాణం' అని దిద్దారు. ఇంకొకరు అక్కడ 'పరినిర్వాణం' అనే ఉండాలన్నారు. మూడూ ఒకటేననీ, అన్నిటికీ మోక్షమనే అర్థమనీ మరొకరు తేల్చేశారు. నిర్వాణమంటే దీపం ఆరిపోవడమని నేనూ చదివాను. అలాంటప్పుడు అది మరణమే కదా? ఏది సరైన ప్రయోగమో తెలుపగలరు.

సమాధానం: మీ వాక్యాన్ని దిద్దిన ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. మూడూ ఒకటేనన్నవారు మాత్రం తొందరపడ్డారు.

నిర్యాణానికీ నిర్వాణానికీ పోలిక చెవికి వినిపించేంతవరకే. నిర్యాణంలో ఉన్నది 'యా' ధాతువు, అంటే వెళ్లడం. ప్రయాణంలో ఉన్నదీ అదే. కాబట్టి నిర్యాణమంటే బయలుదేరి వెళ్లిపోవడం. శ్రీకృష్ణ నిర్యాణం అన్నా, ఫలానా పీఠాధిపతి నిర్యాణం చెందారని పత్రికలు రాసినా, ఈ లోకం విడిచి వెళ్లారనే తాత్పర్యం. పెద్దల విషయంలో చావు అనే మాట నోట రాక మనం వాడుకునే మర్యాద పదాల్లో ఇదొకటి. బుద్ధుడి మరణానికి దీన్ని వాడితే భాష దృష్ట్యా దోషం లేదు, కానీ బౌద్ధం ఆ సంఘటనను చూసిన తీరు అందులోకి రాదు.

నిర్వాణంలో ఉన్నది 'వా' ధాతువు, అంటే వీచడం. దానికి 'నిర్' చేరినప్పుడు ఆరడం, చల్లారడం అనే అర్థం వస్తుంది. పాణిని ఈ ఒక్క రూపం కోసం 'నిర్వాణోఽవాతే' అని సూత్రం చేశాడు. చెప్పే విషయం గాలి కానప్పుడే 'నిర్వాణ' అనే రూపం వస్తుందని దాని భావం. పాణిని సూత్రాలకు వ్యాఖ్య అయిన కాశికావృత్తి ఇక్కడ ఇచ్చిన ఉదాహరణలు మూడు: నిర్వాణోఽగ్నిః, నిర్వాణః ప్రదీపః, నిర్వాణో భిక్షుః. గాలి వీచడం ఆగిందని చెప్పాలంటే మాత్రం 'నిర్వాతో వాతః' అనాలి. నిప్పు, దీపం, ఆ వెంటనే భిక్షువు! ఈ మాట వినగానే భిక్షువు గుర్తుకురావడం వ్యాకరణవేత్తలకు కూడా అంత సహజమైపోయిందన్నమాట.

ఇక మీ అసలు ప్రశ్న, నిర్వాణం మరణమా అన్నది. బౌద్ధ సంప్రదాయం చెప్పే జీవితకథ ప్రకారం సిద్ధార్థుడు 29వ ఏట ఇల్లు విడిచాడు, 35వ ఏట ఉరువేలలో, అంటే ఇప్పటి బోధ్‌గయలో, రావిచెట్టు కింద సంబోధి, అంటే జ్ఞానోదయం, పొందాడు, ఆ తరువాత 45 సంవత్సరాలు ఊరూరా తిరిగి ధర్మం చెప్పి 80వ ఏట దేహం విడిచాడు. ఈ కథలో నిర్వాణం 35వ ఏటి మాట. సంబోధి తరువాత ఆయన వారణాసి వైపు నడిచి వెళుతుండగా, గయకూ బోధివృక్షానికీ మధ్య దారిలో ఉపకుడనే ఆజీవకుడు (వేరొక మతానికి చెందిన సన్న్యాసి) ఎదురై, నీ ముఖం ఇంత నిర్మలంగా ఉందేమిటి, నీ గురువెవరు అని అడుగుతాడు. దానికి బుద్ధుడు చెప్పిన పాలి పద్యాల్లో ఒకచోట 'సీతిభూతోస్మి నిబ్బుతో' అంటాడు. నేను చల్లబడ్డాను, నిర్వాణం పొందాను అని. దారిలో నిలబడి మాట్లాడుతున్న మనిషి తన గురించి తానే చెప్పుకొంటున్న మాట ఇది. (ఉపకుడు ఆ మాటలు నమ్మాడా లేదా అంటే, 'అయితే అయ్యుండవచ్చు మిత్రమా' అని తలాడించి వేరే దారిన పోయాడట. ఆ మాటలకు అక్కడ దక్కిన ఆదరణ అంత.)

ఇంతకీ చల్లబడినదేమిటో గయ దగ్గరి గయాశీర్షమనే కొండ మీద చేసిన ఉపదేశంలో స్పష్టంగా ఉంది. అక్కడి శ్రోతలు వెయ్యిమంది జటిలులు, అంటే జడలు కట్టిన తాపసులు, నిన్నమొన్నటి దాకా అగ్నిహోత్రాలు నడిపినవారు. వారితో బుద్ధుడు 'సబ్బం భిక్ఖవే ఆదిత్తం' అంటాడు. సమస్తమూ మండుతున్నది: కన్ను మండుతున్నది, రూపాలు మండుతున్నవి, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు అన్నీ మండుతున్నవి. దేనితో అంటే రాగమనే నిప్పుతో, ద్వేషమనే నిప్పుతో, మోహమనే నిప్పుతో. నిప్పును కొలిచినవారికి నిప్పు భాషలోనే చెప్పడంలోని నేర్పు అటుంచితే, నిర్వాణమనే మాటకు అసలైన ఆధారం ఇక్కడుంది. జంబుఖాదకుడనే పరివ్రాజకుడు (దేశసంచారం చేసే సన్న్యాసి) నిర్వాణమంటే ఏమిటని సూటిగా అడిగినప్పుడు బుద్ధుడి ముఖ్యశిష్యుడు శారిపుత్రుడు 'రాగక్ఖయో దోసక్ఖయో మోహక్ఖయో' అని మూడు ముక్కల్లో చెబుతాడు. రాగం, ద్వేషం, మోహం నశించడమే నిర్వాణం. ఈ నిర్వచనంలో ప్రాణం పోవడమనే ఊసే లేదు. నాలుగు ఆర్యసత్యాల్లో మూడవదైన దుఃఖ నిరోధం దీనికే మరో పేరు.

తెలుగులో ఈ చిక్కు రావడానికి నాకు తోచే కారణం 'ఆరిపోవడం' అనే మాట. ఇంట్లో దీపం ఆరిపోయిందనడం మనకు అశుభం, అందుకే 'కొండెక్కింది', 'ఘనమైంది' అంటాం. ప్రాణదీపం ఆరిందంటే చెప్పనక్కరలేదు. అందువల్ల 'నిర్వాణమనగా దీపము ఆరిపోవుట' అని రాసిన మరుక్షణం తెలుగువాడి మనసు చావు వైపే పోతుంది. 'చల్లారడం' అని రాసి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు. మనకు మంట చల్లారుతుంది, జ్వరం చల్లబడుతుంది, కోపం చల్లారుతుంది, కడుపుమంట చల్లారుతుంది. ఇవన్నీ బాధ తొలగడాన్ని చెప్పే మాటలు. నిప్పు పోయింది, మనిషి మిగిలాడు. పాలిలో 'సీతిభూత', 'నిబ్బుత' జంటగా నడవడం చూస్తే, నిర్వాణానికి అచ్చతెలుగులో చల్లారడానికి మించిన మాట లేదనిపిస్తుంది.

పాలి జాతకాలకు పీఠికగా ఉన్న నిదానకథలోని ఒక ఘట్టం దీన్ని ఇంకా దగ్గరగా చూపిస్తుంది. సిద్ధార్థుడు ఇంకా రాజకుమారుడిగా ఉన్నప్పుడు రథం మీద నగరంలోకి వస్తుంటే, మేడ మీద నుంచి చూసిన కిసాగోతమి అనే క్షత్రియ కన్య 'నిబ్బుతా నూన సా మాతా, నిబ్బుతో నూన సో పితా' అని పాడుతుంది. ఇలాంటి కొడుకు ఉన్న తల్లి నిబ్బుత, తండ్రి నిబ్బుతుడు, ఇలాంటి భర్త ఉన్న ఇల్లాలు నిబ్బుత అని. మనవాళ్లు 'ఏ తల్లి కన్నబిడ్డో, ఆ తల్లి కడుపు చల్లగా' అన్నట్లే ఉంది కదా! ఆమె ఉద్దేశం అంతే. రాకుమారుడు మాత్రం ఆ మాటను పట్టుకొని, నిజంగా ఏది చల్లారితే మనసు చల్లబడుతుంది అని ఆలోచనలో పడి, రాగాదుల నిప్పు ఆరాలని గ్రహించి, ఆ మాట వినిపించినందుకు గురుదక్షిణగా తన మెడలోని ముత్యాల హారం ఆమెకు పంపిస్తాడు. తనమీద వలపుతో పంపాడని ఆమె మురిసిపోయిందని కథ. ఒకే మాటను ఇద్దరు రెండు అర్థాల్లో విన్నారు, అందులో ఏ అర్థమూ మరణం కాదు.

నిర్వాణం, మోక్షం ఒకటేనా అన్న ప్రశ్న దీనికంటే సున్నితమైనది. ఒకటేనన్నవారికి అమరకోశం అండ ఉంది. 'ముక్తిః కైవల్య నిర్వాణ శ్రేయో నిశ్శ్రేయసామృతమ్' అని అమరసింహుడు వీటిని పర్యాయపదాలుగా కట్టాడు. భగవద్గీతలో 'బ్రహ్మనిర్వాణం' ఉన్నది. బౌద్ధులు కూడా ముక్తి పరివారంలోని మాటలను దూరం పెట్టలేదు. తొలినాటి భిక్షుణుల పద్యాల సంకలనమైన థేరీగాథల్లో పటాచార చెప్పిన పద్యాలు ఇందుకు సాక్ష్యం. భర్తనూ బిడ్డలనూ కన్నవారినీ పోగొట్టుకొని మతిచలించి, ఆపైన భిక్షుణి అయిన స్త్రీ ఆమె. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కొని, ఆ నీళ్లు మెరక నుంచి పల్లానికి పారడం చూస్తూ మనసు నిలుపుకొంటుంది. దీపం తీసుకొని విహారంలోకి పోయి, పడకను చూసుకొని మంచం మీద కూర్చుంటుంది. సూది తీసుకొని వత్తిని కిందికి లాగుతుంది. 'పదీపస్సేవ నిబ్బానం విమోక్ఖో అహు చేతసో': దీపానికి నిర్వాణమైనట్లు చిత్తానికి విమోక్షమైంది. ఒకే పంక్తిలో నిర్వాణమూ ఉంది, విమోక్షమూ ఉంది. గమనించవలసినది విడుదల ఎవరికన్నది. ఆమె చెప్పింది చిత్తానికి. మోక్షమనగానే తెలుగు పాఠకుడికి తోచేది నిత్యమైన ఆత్మ బంధం తెంచుకొని పరమాత్మను చేరడమో, తన స్వరూపాన్ని తెలుసుకోవడమో. బౌద్ధం అనిత్యం, దుఃఖం, అనాత్మ అనే మూడు లక్షణాలను చెప్పి, నిత్యమైన ఆత్మను ఒప్పుకోదు. కాబట్టి బౌద్ధ విషయం రాసేటప్పుడు 'విముక్తి' అనండి, ఇబ్బంది లేదు. 'మోక్షం' అంటే మాత్రం చెప్పదలచని సిద్ధాంతం కూడా వెంట వస్తుంది.

ఇందుకు ఎదురుగా ఇంకొక పొరపాటూ ఉంది. ఆత్మ లేదంటున్నారు గనుక నిర్వాణమంటే శూన్యంలో కలిసిపోవడమని రాసేవారున్నారు. వత్సగోత్రుడనే పరివ్రాజకుడికి వచ్చిన సందేహమూ ఇంచుమించు ఇదే. ముక్తుడు మరణానంతరం ఎక్కడ పుడతాడు, అసలు పుడతాడా పుట్టడా అని అతడు గుచ్చిగుచ్చి అడిగితే బుద్ధుడు ఎదురు ప్రశ్న వేశాడు: నీ ముందున్న మంట ఆరిపోతే అది తూర్పుకు పోయిందా, పడమటికా, ఉత్తరానికా, దక్షిణానికా? ఆ ప్రశ్నే పొసగదు, గడ్డీ కట్టెలూ అయిపోయాయి గనుక ఆరింది అంటాడు వత్సగోత్రుడు. ముక్తుడి సంగతీ అంతే. ఉండిపోవాలనే భవతృష్ణతో పాటు లేకుండా పోవాలనే విభవతృష్ణను కూడా దుఃఖానికి కారణంగా చెప్పిన మతంలో, లేకుండా పోవడమే గమ్యమనడం కుదరదు.

ఇప్పుడు పరినిర్వాణం. ఇతివుత్తకమనే పాలి గ్రంథంలో నిర్వాణధాతువు (నిర్వాణ స్థితి) రెండు విధాలుగా ఉన్నది. రాగద్వేషమోహాలు నశించి, ఇంద్రియాలూ దేహమూ ఇంకా మిగిలి ఉన్నది ఒకటి: సోపాదిశేషం. ఆ మిగిలినదీ లేనిది రెండవది: అనుపాదిశేషం. బుద్ధుడి చివరి రోజులను చెప్పే మహాపరినిబ్బాన సుత్తంలో ఆయన తన చివరి భోజనం పెట్టిన చుందుడనే కమ్మరి బాధపడకూడదని శిష్యుడు ఆనందుడితో చెప్పిన మాటలు ఈ భేదాన్ని చక్కగా పట్టి ఇస్తాయి. రెండు భిక్షలు సమాన ఫలం కలవి, మిగిలిన భిక్షలకంటే గొప్పవి: తథాగతుడు (అంటే బుద్ధుడు) ఏది తిని సంబోధి పొందాడో అది, ఏది తిని అనుపాదిశేష నిర్వాణధాతువులో పరినిర్వాణం పొందుతాడో అది. 35వ ఏటిదీ 80వ ఏటిదీ వేరు వేరు సంఘటనలని గ్రంథమే చెబుతున్నది. ప్రాచీన పాలిలో బతికున్న అర్హంతులను, అంటే నిర్వాణం పొందినవారిని, 'పరినిబ్బుత' అన్న చోట్లూ ఉన్నాయి గనుక ఇది ధాతువును బట్టి వచ్చిన నియమం కాదు, వాడుకలో స్థిరపడిన భేదం. అయినా ఉపయోగకరమైన భేదం, పాటించడం మేలు.

అలాగని మరణపరంగా 'నిర్వాణం' ఎక్కడ కనిపించినా కొట్టివేయకండి. బౌద్ధశకాన్ని బుద్ధుడి దేహత్యాగం నుంచి లెక్కిస్తారు, దాన్ని నిర్వాణశకం అనడమూ కద్దు. జపాన్‌లో ఫిబ్రవరి 15న ఆ సంఘటనను తలచుకొనే దినానికి పెట్టుకొన్న పేరులో ఉన్నది నిర్వాణమే. ఇవి సందర్భం వల్ల అర్థమయ్యే పేర్లు. థేరవాద సంప్రదాయం ప్రకారం పుట్టుక, సంబోధి, పరినిర్వాణం మూడూ వైశాఖ పూర్ణిమనాడే జరిగాయి కాబట్టి, ఆ పండుగ గురించి రాసేటప్పుడు మాత్రం 'పరి' వదిలితే రెండవదాన్నీ మూడవదాన్నీ కలగాపులగం చేసినట్లే. డిసెంబర్ 6ను అంబేడ్కర్ మహాపరినిర్వాణ దినమనడం సరేనా అని మీకు తోచవచ్చు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బౌద్ధం స్వీకరించి అదే ఏడాది డిసెంబర్‌లో మరణించిన ఆయనకు, అనుయాయులు తమ సంప్రదాయంలోని అత్యంత గౌరవపదాన్ని ఇచ్చుకొన్నారు. అది స్థిరపడిన పేరు, దాన్ని దిద్దే పని వ్యాకరణానికి లేదు.

క్రియ విషయం. 'నిర్వాణం చెందాడు' అనడం తప్పు కాదు గానీ, 'మృతి చెందాడు' అలవాటైన చెవికి అది కూడా చావు వార్తలాగే వినబడుతుంది. 'పొందాడు' నయం. 'సాక్షాత్కరించుకొన్నాడు' అనడం పాలి గ్రంథాల వాడుకకు ఇంకా దగ్గర. 'నిర్వాణానికి వెళ్లాడు' అనవద్దు, అదేదో లోకమన్నట్లుంటుంది. పనిలో పనిగా, అష్టాంగ మార్గంలోని 'సమ్యక్ సమాధి'కీ ఇదే గతి పట్టింది. సమాధి అంటే ఇప్పుడు గోరీ. 'సమ్యక్ వ్యాయామం' బస్కీలు తీయడం కాదని, మనసుతో చేసే ప్రయత్నమని కూడా ఒక ముక్క రాయవలసి వస్తున్నది.

మీ వాక్యం ఇలా ఉంటే సరిపోతుంది: 'బుద్ధుడు తన 80వ ఏట కుశీనగరంలో పరినిర్వాణం పొందాడు.' వర్ణక్రమంలో సంస్కృతరూపానికి రేఫ ('ర' కారం) ఉన్నందువల్ల 'ణ' వస్తుంది, పాలిరూపానికి రేఫ లేదు గనుక 'న' మిగులుతుంది. కాబట్టి నిర్వాణం, నిబ్బానం అని రాయాలి. 'నిర్వానం', 'నిబ్బాణం' రెండూ దోషాలే.