బ్రాంజ్ అంటే చిన్నచూపు వద్దు, అల్లుడూ

అల్లుడూ, బ్రాంజ్ గ్రేడ్ వస్తే ఫార్ములా వన్‌కి దారి మూసుకుపోతుందేమో అని నువ్వు పెట్టిన మెసేజ్ చదివాను. కావలి కుర్రాడు ఫార్ములా వన్ దాకా వెళ్లాలనుకోవడం నాకు ఎంతో సంతోషం. 2005లో ఫార్ములా వన్‌లో దిగిన నరైన్ కార్తికేయన్ కూడా మొదటి రేసు మనకు దగ్గర్లోని శ్రీపెరంబుదూర్ ట్రాక్ మీదే నడిపాడు. అయితే నువ్వు రెండు వేరు వేరు లెక్కలు కలిపేసి టెన్షన్ పడుతున్నావు.

ఫార్ములా వన్‌కి కావాల్సింది సూపర్ లైసెన్స్, అంటే అందులో నడపడానికి ఇచ్చే అనుమతి. మామూలుగా 18 ఏళ్లు నిండాలి, కింది స్థాయి పోటీల్లో మూడు సీజన్లు కలిపి 40 పాయింట్లు రావాలి. ఫార్ములా వన్‌కి ఒక్క మెట్టు కిందుండే ఫార్ములా 2లో ఛాంపియన్‌కి ఆ 40 ఒక్క ఏడాదిలోనే వస్తాయి, కొత్తవాళ్లు మొదలుపెట్టే ఫార్ములా 4 గెలిస్తే 12 మాత్రమే. అందుకే దానికి అంత కాలం, అంత డబ్బు.

నువ్వు బాధపడుతున్న ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ సంగతి వేరు. అది ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసు లాంటి వాటికోసం ప్రపంచ మోటార్ రేసింగ్ సంస్థ ఎఫ్ఐఏ డ్రైవర్లకు పెట్టిన గ్రేడింగ్, ప్లాటినం అన్నిటికన్నా పైది, బ్రాంజ్ అన్నిటికన్నా కిందిది. అక్కడ ఒకే కారును ఇద్దరు ముగ్గురు వంతులవారీగా నడుపుతారు కదా, వాళ్లలో వృత్తిగా నడిపేవాడూ ఉంటాడు, వ్యాపారం చేసుకుంటూ సొంత డబ్బుతో వచ్చినవాడూ ఉంటాడు, డబ్బున్న టీమ్ అందరినీ ఆరితేరినవాళ్లనే పెట్టుకుంటే మిగతావాళ్లకు పోటీయే ఉండదని ఈ ఏర్పాటు. వయసు, ఎప్పుడు మొదలుపెట్టాడు, ఏం గెలిచాడు అన్నవి చూసి గ్రేడ్ ఇస్తారు. ముప్ఫై దాటాక మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా బ్రాంజ్‌లోకి వస్తారు, నీలాంటి కుర్రాళ్లు సాధారణంగా సిల్వర్‌లోకి. గంటల తరబడి సాగే ఈ ప్రపంచ ఎండ్యూరెన్స్ పోటీల్లో అన్నిటికన్నా పై తరగతి అయిన హైపర్‌కార్ నడపడానికి బ్రాంజ్‌వాళ్లను రానివ్వరు, అదే రోడ్డు మీది స్పోర్ట్స్ కార్లను ఆధారం చేసుకుని తయారుచేసిన కార్లు నడిచే ఎల్ఎంజీటీ3 తరగతిలో ప్రతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలి! అందుకే వేగంగా నడిపే బ్రాంజ్, సిల్వర్ వాళ్లకోసం టీమ్‌లు వెతుక్కుంటూ వస్తాయి.

దీన్ని చూసే కొందరు గ్రేడ్ పెరగకుండా కావాలని నెమ్మదిగా నడుపుతారు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యొద్దురా. ల్యాప్ టైమ్‌లు చూసి ఎఫ్ఐఏ గ్రేడ్ పెంచగలదు, పైగా ట్రాక్ దగ్గర అందరికీ తెలిసిపోతుంది, తర్వాత నిన్ను ఎవరూ నమ్మరు.

ఇప్పుడు చెయ్యాల్సింది ఇది. ముందు కార్టింగ్, అంటే చిన్న కార్ట్‌లతో రేసింగ్, ఆపైన మన దేశ మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ ఇచ్చే లైసెన్స్. దిగిన ప్రతి రేసు ఫలితాల కాగితం, ఓడినవి కూడా, ఒక ఫైల్లో పెట్టుకో, రేపు గ్రేడ్‌కి దరఖాస్తు పెట్టేటప్పుడు నీ రికార్డంతా అడుగుతారు. హైవే మీద ఫ్రెండ్స్‌తో పందేలు ఏ లెక్కలోకీ రావు, వాటివల్ల ప్రాణం పోతుంది, లైసెన్స్ పోతుంది, అక్కకు కడుపుకోత మిగులుతుంది, ఈ ఒక్క విషయంలో నా మాట విను. ఆ ఫైల్ మొదలుపెట్టాక ఫోటో తీసి పంపు, ఈ సీజన్‌లో ఏ రేసులకు దిగాలో నేను చూసి చెబుతాను.